కొత్త పైలట్‌కు స్పిన్ నేర్పాలా? వెయ్యి అడుగుల లెక్క

క్లుప్తంగా: స్పిన్ అంటే స్టాల్ అయిన విమానం గిర్రున తిరుగుతూ కిందికి దిగిపోవడం. అమెరికాలో 1949 నుంచి ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు స్పిన్ శిక్షణ తప్పనిసరి కాదు. చిన్న విమానం ఒక చుట్టు స్పిన్ తిరిగి బయటపడటానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తు కావాలి. ప్రాణాలు తీసే స్పిన్‌లు ఎక్కువగా అంతకంటే కిందే మొదలవుతున్నాయి. అందువల్ల బయటపడే పద్ధతి ఒక్కటే నేర్పితే సరిపోదు. ఎమర్జెన్సీ మనూవర్ శిక్షణ (అదుపు తప్పిన విమానాన్ని దారికి తెచ్చే సాధన) వల్ల కలిగే పెద్ద లాభం వేరే చోట ఉంది: స్పిన్‌కు ముందు దొరికే రెండు మూడు సెకన్లను పైలట్ గుర్తుపట్టగలుగుతారు.

అమెరికాలో ప్రైవేట్ పైలట్ పరీక్షకు వెళ్లే విద్యార్థి స్టాల్ (రెక్క విమానాన్ని మోసే బలం కోల్పోవడం) చేసి చూపించాలి. ఇంజిన్ పవర్ తగ్గించి ఒకసారి, పవర్ పెంచి ఒకసారి. స్పిన్ దగ్గరికి వచ్చేసరికి పరీక్ష నోటిమాటతో అయిపోతుంది. ఎలా మొదలవుతుంది, ఎలా బయటపడాలి అని అడుగుతారు, జవాబు సరిగ్గా చెబితే చాలు. విమానాన్ని నిజంగా స్పిన్‌లోకి తీసుకెళ్లే పని లేదు. అదే వ్యక్తి ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకుంటే మాత్రం స్పిన్ చేసి, బయటపడి, లాగ్‌బుక్‌లో ఆ మేరకు సంతకం వేయించుకోవాలి.

ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనాల్లో ఫ్లయింగ్ స్కూళ్లలో చేరే తెలుగు విద్యార్థులు కూడా ఈ దారిలోనే నడుస్తారు. ప్రైవేట్ లైసెన్స్‌కు కనీసం 40 గంటలు, స్కూలు ప్రత్యేక అనుమతి కింద నడుస్తుంటే 35 గంటలు. ఆ కొద్ది గంటల్లోనే రేడియో, వాతావరణం, దారి వెతుక్కోవడం, రాత్రి ప్రయాణం, ల్యాండింగులు అన్నీ నేర్చుకోవాలి. స్పిన్ చూడకుండానే లైసెన్స్ చేతికి రావడం అక్కడ మామూలు విషయం. కూతుర్నో కొడుకునో పంపిన తల్లిదండ్రులకు ఇది వినగానే టెన్షన్ పుడుతుంది: అంత ముఖ్యమైనది ఎందుకు నేర్పరు? ఈ ప్రశ్నకు చరిత్ర ఒక జవాబు చెబుతుంది, భౌతికశాస్త్రం ఇంకో జవాబు చెబుతుంది. రెండూ పూర్తిగా కలవవు.

స్టాల్ అయ్యేది రెక్క, ఇంజిన్ కాదు

కారు స్టాల్ అయిందంటే ఇంజిన్ ఆగిందని అర్థం. విమానంలో ఆ మాటకు ఇంజిన్‌తో సంబంధమే లేదు. రెక్క ఎదురుగాలిని ఒక కోణంలో తాకుతుంది. పైలట్ స్టిక్ (ముక్కును పైకీ కిందికీ, రెక్కలను పక్కలకూ వంచే చేతి కంట్రోల్) వెనక్కి లాగేకొద్దీ ఆ కోణం పెరుగుతుంది, లిఫ్ట్ (విమానాన్ని పైకి మోసే బలం) కూడా పెరుగుతుంది. మామూలు శిక్షణ విమానాల్లో 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఒక హద్దు ఉంటుంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారలేక విడిపోతుంది. లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోతుంది, గాలి నిరోధం పెరిగిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు.

కొత్త పైలట్లు దీన్ని వేగానికి ముడిపెట్టి గుర్తుపెట్టుకుంటారు. ఇన్ని నాట్ల కంటే తగ్గితే స్టాల్ అవుతుందని. అది సగం నిజం. ఆ అంకె రెక్కలు సమంగా ఉండి, తిన్నగా ఎగురుతున్నప్పటిది. ఎత్తు తగ్గకుండా విమానాన్ని మలుపు తిప్పితే రెక్కలు మోయాల్సిన బరువు పెరుగుతుంది, దాంతో స్టాల్ అయ్యే వేగమూ పెరుగుతుంది. తిన్నగా ఎగిరేటప్పుడు 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 30 డిగ్రీల వంపులో సుమారు 54 దగ్గర, 45 డిగ్రీల్లో 60 దగ్గర, 60 డిగ్రీల్లో 71 దగ్గర స్టాల్ అవుతుంది. సెస్నా 172 లాంటి విమానం రన్‌వేకి దిగేటప్పుడు ఉండే వేగం 65 నాట్ల చుట్టుపక్కల. ఏ వేగంలోనైనా, ముక్కు ఏ దిక్కుకు ఉన్నా, రెక్క ఆ కోణం దాటితే స్టాల్ తప్పదు. ముక్కు నేలవైపు ఉన్నప్పుడు కూడా స్టాల్ కావచ్చన్న సంగతి పుస్తకంలో చదివినవాళ్లకు గాల్లో గుర్తుకు రాదు. ఒకసారి చేసి చూసినవాళ్లకు వస్తుంది.

సుడి ఎక్కడ పుడుతుంది

రెండు రెక్కలూ ఒకేలా స్టాల్ అయితే విమానం ముక్కు దించి, వేగం పుంజుకుని, తిరిగి ఎగురుతుంది. అప్పుడు స్పిన్ రాదు. స్టాల్ అయ్యే క్షణంలో ముక్కు ఒక పక్కకు తిరుగుతూ ఉంటే కథ వేరు.

ముక్కు ఎడమకు తిరుగుతోందనుకుందాం. ఎడమ రెక్క కిందికి వాలుతుంది. వాలే రెక్కకు గాలి కిందినుంచి వచ్చి తగులుతుంది కాబట్టి దాని కోణం ఇంకా పెరుగుతుంది. స్టాల్ కానప్పుడు ఇదే సూత్రం విమానాన్ని కాపాడుతుంది: వాలిన రెక్కకు కోణం పెరిగి, లిఫ్ట్ పెరిగి, ఆ వాలుడు తనంతట తానే ఆగిపోతుంది. హద్దు దాటాక లెక్క తిరగబడుతుంది. కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ తగ్గుతుంది, కాబట్టి వాలిన రెక్క ఇంకా వాలుతుంది, దాని నిరోధం పెరిగి ముక్కును తనవైపే లాక్కుంటుంది. పైకి లేచే కుడి రెక్కకు కోణం కాస్త తగ్గి, కొంత లిఫ్ట్ మిగులుతుంది. ఒక పక్క లేపుతూ, ఇంకో పక్క ముంచుతూ విమానం తన చుట్టూ తాను తిరుగుతూ దిగుతుంది. ఏటి మధ్యలో సుడి ఎలా తనను తానే నడుపుకుంటుందో ఇదీ అంతే. బయటినుంచి ఎవరూ తిప్పక్కర్లేదు, ఆపడానికి మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి.

సాధారణ శిక్షణ విమానం పూర్తి స్పిన్‌లో ఒక చుట్టుకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది. ఆ 3 సెకన్లలో దాదాపు 500 అడుగుల ఎత్తు పోతుంది. సెస్నా 172 మాన్యువల్ ప్రకారం ఒక చుట్టు తిరిగి బయటపడటానికి కనీసం 1,000 అడుగులు పోతాయని లెక్కవేసుకోవాలి. 6 చుట్లకు దానికి రెండింతల పైచిలుకు. సాధన చేసేటప్పుడు, వీలైన చోటల్లా, నేలకు 4,000 అడుగుల పైనే పూర్తిగా బయటపడేంత ఎత్తులో మొదలుపెట్టమని అదే మాన్యువల్ చెబుతుంది.

ఈ వెయ్యి అడుగుల అంకెను గుర్తుంచుకోవాలి. కొత్త పైలట్లకు స్పిన్ నేర్పాలా వద్దా అన్న వాదనలో సగం దీనిచుట్టూనే తిరుగుతుంది.

రన్‌వే ముందు చివరి మలుపు

విమానాశ్రయం చుట్టూ చిన్న విమానాలు ఎగిరే సర్క్యూట్ మామూలుగా నేలకు వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటుంది. దిగడానికి వచ్చే పైలట్ బేస్ (రన్‌వేకు అడ్డంగా ఎగిరే భాగం) నుంచి ఫైనల్‌కు (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి భాగం) తిరిగేసరికి ఎత్తు అందులో సగం చుట్టుపక్కలకు వచ్చేసి ఉంటుంది. స్టాల్, స్పిన్ ప్రమాదాల చర్చల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఈ మలుపే.

జరిగేది దాదాపు ఒకే వరుసలో జరుగుతుంది. బేస్‌లో ఉన్నప్పుడు వెనకనుంచి గాలి తోస్తుంది. విమానం అనుకున్నదానికంటే త్వరగా వచ్చి రన్‌వే గీతను దాటిపోతుంది. వెనక్కి తిరగాలంటే ఇంకా వంచాలి. కానీ నేల దగ్గర 30 డిగ్రీల కంటే ఎక్కువ వంచవద్దని ఇన్‌స్ట్రక్టర్ చెప్పి ఉంటారు, చెప్పింది మంచికే. ఇక్కడే ఆ మంచి నియమం ఒక చెడ్డ అడ్డదారి చూపిస్తుంది. వంపు పెంచకుండా ముక్కును తిప్పాలని పైలట్ మలుపు లోపలివైపు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక, కాళ్లతో నడిపేది) నొక్కుతారు. బయటి రెక్క వేగం పుంజుకుని లేస్తుంది, వంపు దానంతటదే పెరుగుతుంది. అది చూసి వంపు ఆపడానికి కంట్రోల్‌ను అవతలివైపుకు తిప్పుతారు. లోపలి రెక్క మీది ఐలరాన్ (విమానాన్ని పక్కకు వంచే, రెక్క చివరి కదిలే పలక) కిందికి వంగి ఆ రెక్క కోణాన్ని ఇంకా పెంచుతుంది. ఇంతలో ముక్కు దిగిపోతోందని స్టిక్ వెనక్కి లాగుతారు. విడివిడిగా చూస్తే ప్రతి కదలికకూ ఒక కారణం ఉంది. అన్నీ కలిస్తే లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది, విమానం ఆ పక్కకే బోర్లాపడుతుంది.

అక్కడ ఉన్న ఎత్తు 400 నుంచి 600 అడుగులు. కావలసింది 1,000. ఎంత ఆరితేరిన పైలట్ అయినా ఈ తీసివేతను మార్చలేరు.

టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగిపోతే వెనక్కి తిరిగి అదే రన్‌వే మీద దిగాలనే ప్రయత్నం కూడా ఇలాంటిదే. తక్కువ ఎత్తు, తగ్గుతున్న వేగం, పెద్ద మలుపు, పక్కకు లాగే భయం. ఎదురుగా దొరికిన పొలంలోనో మైదానంలోనో దిగమని చెప్పేది అందుకే.

చేతికి వచ్చేది ఒకటి, చేయాల్సింది ఇంకొకటి

స్పిన్ నుంచి బయటపడే పద్ధతిని అమెరికన్ శిక్షకుడు రిచ్ స్టోవెల్ నాలుగు అడుగులుగా ప్రచారంలోకి తెచ్చారు. పవర్ పూర్తిగా తగ్గించాలి. ఐలరాన్లు మధ్యకు తేవాలి. తిరుగుతున్న దిక్కుకు ఎదురుగా రడ్డర్ పూర్తిగా నొక్కాలి. తర్వాత ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక) కోసం స్టిక్‌ను ముందుకు తోయాలి. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి 'పేర్' అని గుర్తుపెట్టుకుంటారు. తిరగడం ఆగాక రడ్డర్ మధ్యకు తెచ్చి, నెమ్మదిగా ముక్కు లేపాలి. విమానాన్ని బట్టి తేడాలు ఉంటాయి కాబట్టి చివరి మాట ఆ విమానం మాన్యువల్‌దే.

చదవడానికి ఇది సులువు. గాల్లో కష్టం ఎక్కడుందంటే, ఒంటికి తోచేది ప్రతిచోటా దీనికి అడ్డం పడుతుంది. ఒక రెక్క వాలితే చేయి ఐలరాన్ వైపు పోతుంది. స్టాల్ అయిన రెక్క మీద ఆ కదలిక పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. అద్దంలో నేల తప్ప ఇంకేమీ కనిపించనప్పుడు స్టిక్‌ను ముందుకు తోయడానికి మనసు ఒప్పుకోదు, వెనక్కే లాగుతుంది. వాన తడిసిన రోడ్డు మీద బైక్ జారినప్పుడు చేయి ముందు బ్రేకును గట్టిగా పట్టేసుకుంటుంది కదా, అది తప్పని తెలిసినా. ఇదీ అలాంటిదే. తెలియకపోవడం వల్ల వచ్చే తప్పు కాదిది. చేయి అలవాటు పడకపోవడం వల్ల వచ్చేది.

దీనికి తోడు చెవి చేసే మోసం ఒకటుంది. లోపలి చెవిలోని ద్రవం శరీరం తిరుగుడును పసిగడుతుంది. కొన్ని చుట్లు తిరిగాక అది ఆ తిరుగుడుకు అలవాటు పడిపోతుంది. స్పిన్ ఆగగానే, ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. బయట దిగంతం కనిపించకపోతే ఆ భ్రమను నమ్మి పైలట్ మళ్లీ మొదటి స్పిన్‌లోకే వెళ్లే ప్రమాదం ఉంది.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. స్పిన్‌కూ స్పైరల్ డైవ్‌కూ తేడా తెలియకపోవడం. రెండింటిలోనూ విమానం తిరుగుతూ దిగుతుంది, కిటికీలోంచి రెండూ ఒకేలా భయపెడతాయి. స్పిన్‌లో రెక్క స్టాల్ అయి ఉంటుంది కాబట్టి వేగం స్టాల్ వేగం దగ్గరే ఆడుతుంటుంది. స్పైరల్‌లో రెక్క బాగానే పనిచేస్తుంది, వేగం మాత్రం క్షణక్షణానికీ పెరిగిపోతుంది. అక్కడ చేయాల్సింది పవర్ తగ్గించి, ముందు రెక్కలు సమం చేసి, ఆ తర్వాత మెల్లగా ముక్కు లేపడం. స్పైరల్‌లో వంపు సరిచేయకుండా స్టిక్ లాగితే రెక్కల మీద భారం హద్దు దాటవచ్చు. వేగం చూపే ముల్లు మీద ఒక్క చూపుతో తేలే తేడా ఇది. సెస్నా 172 స్పిన్‌కు అంత సులువుగా లొంగదు, చాలాసార్లు మొదటి చుట్టు తర్వాత తానే స్పైరల్‌గా మారిపోతుంది. అందుకే రెంటినీ పక్కపక్కన చూపించడానికి ఆ విమానం బాగా పనికొస్తుందనే ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు.

పార్క్ నుంచి 1949 దాకా

విమానాలు వచ్చిన తొలి ఏళ్లలో స్పిన్ అంటే చావే. 1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానం మీద విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ అధికారి నడుపుతున్న ఏవ్రో విమానం స్పిన్‌లోకి వెళ్లింది. పవర్ పెంచారు, స్టిక్ వెనక్కి లాగారు, తిరుగుతున్న దిక్కుకే రడ్డర్ ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు. ఆఖరికి రడ్డర్‌ను ఎదురు దిక్కుకు తిప్పితే, నేలకు సుమారు 50 అడుగుల ఎత్తులో విమానం మాట వింది. నిపుణులు కిందినుంచి చూస్తుండగా స్పిన్ నుంచి బయటపడిన తొలి సంఘటనగా దాన్ని చెబుతారు. అదే ఏడాది డిసెంబర్‌లో మరో విమాన ప్రమాదంలో పార్క్ చనిపోయారు. 1917లో ఫార్న్‌బరోలో ఫ్రెడరిక్ లిండెమన్ అనే భౌతికశాస్త్రవేత్త తానే విమానం నడిపి, కావాలని స్పిన్ చేసి, అంకెలు రాసుకుని దాని నడకను వివరించారు. ఆ తర్వాత స్పిన్ ఒక పాఠం అయింది. మిలిటరీ శిక్షణలో నిలిచిపోయింది, పౌర లైసెన్సుల్లోకీ వచ్చింది.

1949లో అమెరికా పౌర విమానయాన అధికారులు ప్రైవేట్ లైసెన్స్ నుంచి స్పిన్ షరతును తీసేశారు. వాళ్ల వాదన ఇలా సాగింది: స్టాల్ లేకుండా స్పిన్ లేదు, కాబట్టి స్టాల్‌ను ముందే గుర్తించి తప్పించుకోవడం నేర్పితే స్పిన్ దాకా వెళ్లే అవసరమే రాదు. షరతు లేకపోతే తయారీదారులు స్పిన్‌కు లొంగని విమానాలు తయారుచేయడానికి ముందుకొస్తారు. ఈ రెండో ఆశకు అప్పటికే ఒక రుజువు ఉంది. ఫ్రెడ్ వైక్ రూపకల్పన చేసిన ఎర్కూప్ అనే చిన్న విమానం 1940లోనే, మామూలుగా స్పిన్ కాలేని విమానంగా ధ్రువీకరణ పొందింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రాణాంతక ప్రమాదాల్లో స్టాల్, స్పిన్‌ల వాటా తగ్గింది. షరతు తీసేయడం సరైనదేనని చెప్పేవాళ్లు దీన్నే చూపిస్తారు. అయితే అదే కాలంలో స్టాల్ హెచ్చరిక పరికరాలు వచ్చాయి, విమానాల రూపకల్పన మెరుగుపడింది, స్టాల్ బోధన కూడా మారింది. ఘనత అంతా ఒక్క నిర్ణయానికే కట్టబెట్టడం కుదరదు. శిక్షణలో స్పిన్ చేస్తూ చనిపోయేవాళ్లు తగ్గడం కూడా ఆ లెక్కలో భాగమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

1949 వాదనలో ఒక బలం ఉంది, ఒక లోపమూ ఉంది. ఈత నేర్పేవాళ్లు సుడి ఉన్న చోటుకు పోవద్దని చెబుతారు, సుడిలో ఎలా ఈదాలో నేర్పరు. అది సబబే. కానీ సుడి ఎక్కడుందో నీళ్ల మీద ఆనవాళ్లు చూసి పోల్చుకోవడం కూడా నేర్పాలి కదా. స్టాల్ శిక్షణ ఈ రెండో పనిని పూర్తిగా చేయడం లేదు. విద్యార్థి చేసే స్టాల్ ముందే చెప్పి, ఎత్తులో, రెక్కలు దాదాపు సమంగా ఉంచి, మెల్లగా ముక్కు లేపుతూ చేసేది. ప్రాణం తీసే స్టాల్ మలుపులో, కళ్లు రన్‌వే మీద ఉండగా, రడ్డర్ తప్పుగా నొక్కి ఉన్నప్పుడు వచ్చేది. పేరు ఒకటే అయినా రెండింటి స్పర్శ వేరు.

2009 తర్వాత గాలి మారింది

ఈ చర్చను మళ్లీ లేపింది పెద్ద విమానాలే. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. స్టాల్ హెచ్చరిక మోగినప్పుడు కెప్టెన్ స్టిక్ ముందుకు తోయాల్సింది పోయి వెనక్కి లాగారు. అదే ఏడాది జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. వేగం చూపే పరికరాలు తాత్కాలికంగా పనిచేయక, కంట్రోల్ వెనక్కి లాగి ఉండటంతో సుమారు 38,000 అడుగుల ఎత్తునుంచి సముద్రం దాకా ఆ విమానం స్టాల్‌లోనే దిగింది. ఎత్తుకు కొదవ లేదు. ఏం జరుగుతోందో గుర్తుపట్టడంలోనే తప్పిపోయింది.

ఈ రెండు ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అప్‌సెట్ నివారణ, బయటపడే శిక్షణ మీద 2014లో ఒక మాన్యువల్ తెచ్చింది. అప్‌సెట్ అంటే ముక్కు 25 డిగ్రీల కంటే పైకి, లేదా 10 డిగ్రీల కంటే కిందికి, లేదా 45 డిగ్రీల కంటే ఎక్కువ వంపులోకి అనుకోకుండా వెళ్లడం. ఈ కొలతలు దాటకపోయినా, ఆ పరిస్థితికి తగని వేగంలో ఉండటమూ దాని కిందికే వస్తుంది. యూరప్‌లో 2019 డిసెంబర్ 20 నుంచి ఎయిర్‌లైన్ వైపు వెళ్లే పైలట్లకు కనీసం 5 గంటల తరగతి, 3 గంటల విమాన సాధన తప్పనిసరి చేశారు. సిమ్యులేటర్ సరిపోదు, నిజమైన విమానంలోనే చేయాలి. శరీరం మీద పడే భారం, ఆ క్షణంలో కలిగే దిగ్భ్రమ నేల మీది యంత్రంలో పూర్తిగా రావన్నది దీని వెనక ఉన్న కారణం.

ప్రైవేట్ పైలట్లకు మాత్రం ఈ నియమం వర్తించదు. వందల గంటల అనుభవానికి చేరువవుతూ, పక్కన ఇంకో పైలట్ ఉండే ఉద్యోగానికి వెళ్లేవారికి ఈ శిక్షణ ఉంది. 40 గంటలతో ఒంటరిగా, కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఎగిరే వ్యక్తికి లేదు. ఖర్చు, విమానాల కొరత లాంటి కారణాలు ఉండొచ్చు. ప్రమాదం ఎక్కడ ఎక్కువో చూస్తే మాత్రం ఇది తలకిందుల ఏర్పాటుగానే కనిపిస్తుంది.

అదనపు కోర్సులో ఏం ఉంటుంది

ఈ ఖాళీని పూరించడానికి అమెరికాలో ఎమర్జెన్సీ మనూవర్ శిక్షణ పేరుతో కొన్ని స్కూళ్లు సొంతంగా కోర్సులు నడుపుతున్నాయి. చట్టం అడగదు, ఆసక్తి ఉన్నవాళ్లు డబ్బు కట్టి చేరతారు. సూపర్ డెకాథ్లాన్, పిట్స్, ఎక్స్‌ట్రా లాంటి విన్యాసాలకు అనువైన విమానాల్లో, పారాచూట్ తగిలించుకుని, కొన్ని గంటలపాటు సాగుతాయి.

స్పిన్ అందులో ఒక భాగం మాత్రమే. పెద్ద విమానం వెనక మిగిలే గాలి సుడిలో చిక్కి విమానం తలకిందులైతే ఏం చేయాలి, ఎలివేటర్ కదలకపోతే ట్రిమ్‌తో (కంట్రోల్ భారాన్ని సరిచేసే చిన్న పరికరం), పవర్‌తో ఎలా దించాలి, ఇంజిన్ లేకుండా ఎంచుకున్న చోట ఎలా దిగాలి, రడ్డర్ ఒక పక్కకు బిగుసుకుపోతే ఎలా అన్నవి కూడా ఉంటాయి. నిజానికి వీటన్నిటిలో కొత్త పైలట్‌కు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది కాళ్లకు సంబంధించిన పాఠం. ఇప్పటి శిక్షణ విమానాలు మెత్తగా ఉంటాయి, రడ్డర్ సరిగా వాడకపోయినా పెద్దగా తప్పు పట్టవు. దాంతో చాలామంది కాళ్లు నిద్రపోతాయి. రడ్డర్‌కు వెంటనే బదులిచ్చే విమానంలో కొన్ని గంటలు ఎగిరితే, విమానం పక్కకు జారుతున్న సంగతి పరికరం చూడకుండానే కూర్చున్న సీటు ద్వారా తెలియడం మొదలవుతుంది.

దీని మీద ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. స్పిన్ నుంచి పదిసార్లు బయటపడిన పైలట్‌కు అతి ధీమా వచ్చి, సర్క్యూట్‌లో అజాగ్రత్త పెరగవచ్చు. ఇంకోటి, వాడని నైపుణ్యం తుప్పుపడుతుంది. ఒకసారి కోర్సు చేసి ఐదేళ్లు మర్చిపోతే అక్కరకు వచ్చేది కొంతే. బాగా నడిపే కోర్సులు మొదటి అభ్యంతరానికి జవాబుగా ఎత్తు లెక్కను ముందే తలకెక్కిస్తాయి. రెండోదానికి అప్పుడప్పుడు మళ్లీ రావడం తప్ప వేరే మందు లేదు.

అన్ని విమానాలూ స్పిన్‌కు పనికిరావు

స్పిన్ నేర్చుకోవాలనే ఉత్సాహంలో దొరికిన విమానంలో చేయడం ప్రాణాంతకం. నార్మల్ కేటగిరీ విమానాలను (విన్యాసాలకు కాక మామూలు ప్రయాణాలకు ధ్రువీకరించినవాటిని) పాత అమెరికన్ ప్రమాణాల ప్రకారం ఒక చుట్టు, లేదా 3 సెకన్ల స్పిన్ వరకే పరీక్షించేవారు. ఆ పైన ఏమవుతుందో ధ్రువీకరణ చెప్పదు. విన్యాసాల కేటగిరీకి 6 చుట్ల పరీక్ష ఉండేది. సెస్నా 152లో స్పిన్‌కు అనుమతి ఉంది. సెస్నా 172లో బరువు, బ్యాలెన్స్ యుటిలిటీ కేటగిరీ (కొన్ని పరిమిత విన్యాసాలకు అనుమతించే కేటగిరీ) హద్దుల్లో ఉండి, వెనక సీట్లు ఖాళీగా ఉంటేనే అనుమతి. బరువు వెనక్కి జరిగితే స్పిన్ చదునుగా మారి, రడ్డర్‌కు పట్టు దొరక్క, బయటపడటం అసాధ్యం కావచ్చు. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలోనూ, ఇతర స్కూళ్లలోనూ కనిపించే డైమండ్ డీఏ40లో కావాలని స్పిన్ చేయడం నిషిద్ధం. సిరస్ ఎస్ఆర్22లో మాన్యువల్ ఆమోదించిన మార్గం ఒక్కటే: మొత్తం విమానాన్ని మోసే పారాచూట్ లాగడం. స్పిన్ నుంచి లాగితే దానికి కూడా 900 అడుగులకు పైగా కావాలని ఆ విమానాల మాన్యువల్ లెక్క. పారాచూట్ ఉన్నా సర్క్యూట్‌లోని ఆ మలుపు దగ్గర కథ పెద్దగా మారదన్నమాట.

విమానం తయారుచేసేవాళ్లకు కూడా స్పిన్ ఎంత మొండిదో తెలియాలంటే మన దగ్గరే ఉదాహరణ ఉంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన ఇంటర్మీడియట్ జెట్ ట్రైనర్ 2003లో తొలిసారి ఎగిరింది. స్పిన్ సమస్య దాన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. నిలువు తోకను వెనక్కి జరిపి, రడ్డర్‌ను మార్చి, చివరికి 2022 జనవరిలో ఎడమకూ కుడికీ 6 చుట్ల స్పిన్ చేసి బయటపడి చూపించారు. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లు తొలి పాఠాలు నేర్చుకునే పిలాటస్ విమానం విన్యాసాలకు తట్టుకునేది, వాళ్లకు స్పిన్ మామూలు పాఠం. మిలిటరీకి తగిన విమానం, అలవాటైన ఇన్‌స్ట్రక్టర్, ఎజెక్షన్ సీటో పారాచూటో ఉంటాయి. ఒక ఫ్లయింగ్ క్లబ్ విద్యార్థిని వాళ్లతో పోల్చి 'వాళ్లు చేస్తే వీళ్లెందుకు చేయకూడదు' అనడం సరికాదు.

ఇన్‌స్ట్రక్టర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్‌కు కావలసిన స్పిన్ సంతకం కోసం కొద్ది స్పిన్‌లు చేస్తే చాలు. అంతమాత్రాన వేరొకరి తప్పు నుంచి పుట్టిన స్పిన్‌ను పక్క సీటులోంచి సరిచేయగలరని కాదు. తరచుగా నేర్పేవాళ్లనే వెతుక్కోవాలి.

కోర్సు ఎంచుకునే విద్యార్థి స్కూలును అడగాల్సిన మొదటి ప్రశ్న, ఫైనల్ మలుపును పైన చేసి చూపిస్తారా అని. మంచి ఇన్‌స్ట్రక్టర్లు చేయించే ఒక వ్యాయామం ఉంది. 5,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లి, 4,500ను నేలగా అనుకోమంటారు. కింద కనిపించే ఒక తిన్నని రోడ్డే రన్‌వే. విద్యార్థి బేస్ ఎగురుతారు, రోడ్డును దాటిపోతారు, లోపలి రడ్డర్ నొక్కుతారు, ఐలరాన్‌తో వంపు ఆపుతారు, స్టిక్ లాగుతారు. విమానం బోర్లాపడుతుంది. ఇప్పుడు నేర్చుకున్న పద్ధతి అంతా వాడి, ఏ తప్పూ లేకుండా, రెక్కలు సమం చేసి తిరిగి పైకి లేపుతారు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఎత్తు చూపే పరికరాన్ని చదవమంటారు. చాలాసార్లు ముల్లు 4,500కు కిందే ఉంటుంది.